మామయ్య కంట్లో ఆయింట్‌మెంట్

"మీరు పాపకి మేనమామా, శత్రువా?"

కళ్ల డాక్టరమ్మ పలకరింపే అది. మేనమామ బిత్తరపోయాడు. ఏడేళ్ల మేనకోడలు మాత్రం ఎర్రబడ్డ కళ్లు నలుపుకుంటూనే హుషారుగా చూసింది. మామయ్యని ఎవరైనా తిడుతుంటే దానికి మహా సంతోషం.

"దురద అంటే మందుల షాపులో అడిగి చుక్కలు వేశామండీ. ఇట్టే తగ్గేది."

"తగ్గదూ మరి! అది స్టెరాయిడ్. అడ్డూ అదుపూ లేకుండా వేస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. అలర్జీ ముదిరి నల్లగుడ్డు మీద పుండు పడింది. మచ్చ మిగిలితే చూపే పోవచ్చు. ఆపరేషన్ కూడా ఆ షాపులోనే చేస్తారేమో కనుక్కోలేకపోయారా?"

అతను చేతిలోని చుక్కల మందు సీసాని మెల్లగా జేబులోకి తోశాడు.

"ఈ ఆయింట్‌మెంట్ రోజూ కంట్లో పెట్టాలి. మొదట్లో మండుతుంది. అందరూ అక్కడే మానేస్తారు. మీరు మానరని నాకేం నమ్మకం లేదు."

ఇంత చక్కటి మనిషికి ఇంత కారపు నోరు ఎందుకిచ్చాడో దేవుడు అనుకుంటూ బయటపడ్డాడు.

వారం తర్వాత పాప కళ్లు తేటపడ్డాయి. మామయ్య కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పేషెంట్ మారారేమిటి?"

"మండుతుందని ఇది మందు పెట్టించుకోనంది. ఏం మండదని నా కంట్లో పెట్టి చూపించాను."

"చూపించి?"

పాప అందుకుంది. "కెవ్వుమన్నాడు! అమ్మమ్మ పరిగెత్తుకొచ్చింది. నేనైతే ఏడవకుండా పెట్టించుకున్నా. రోజూ పందెం, రోజూ నేనే గెలుపు."

"రోజూనా?"

"రోజూ," అన్నాడతను నేరస్థుడిలా.

డాక్టరమ్మ తిట్టబోయి ఆగింది. "మా కాలేజీలో ఈ వైద్యం చెప్పలేదు. ఇవాళ్టి నుంచి మీ కంటి జోలికి పోకండి." అతని రెప్ప పైకెత్తి లైటు వేసింది. వెలుతురులో అతనికేమీ కనిపించలేదు. అయినా చూస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత వారం వారం వచ్చాడు. వచ్చినప్పుడల్లా చీవాట్లు తిన్నాడు.

"పుండు మానింది, చూపుకి ఢోకా లేదు," అందామె ఒకరోజు. "మందు ఆపకండి. ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపిస్తే చాలు."

ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే మొహం వేలాడేశాడు. "మధ్యలో ఏమైనా అయితే?"

"ఎవరికి?"

"మామయ్యకే," అంది పాప. "పొద్దున్నించీ నాలుగు చొక్కాలు మార్చాడు."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "వచ్చేసారి పాపని వాళ్లమ్మతో పంపండి."

"నేనంత పనికిరానివాణ్ణా?"

"పేషెంట్‌ని తీసుకొచ్చే మనిషితో కాఫీకి వెళ్తే బాగోదు కదా."

పాపకి వెంటనే అర్థమైంది. మామయ్యకి మెట్లన్నీ దిగాక అర్థమైంది. మళ్లీ పైకి పరిగెత్తాడు.