మనింటి జెర్బెరాలు

తెల్లారగానే గౌతమి పెరట్లోకి వచ్చి, ఎండ తగలకుండా కట్టిన పచ్చ నెట్ కింద జెర్బెరా పువ్వులు కోసి బకెట్ నీళ్ళల్లో నిలబెడుతోంది. భర్త బాలు పోయి మూడేళ్ళు. ఆ ఏడాదే ఈ మళ్ళు వేసింది. చోడవరం బొకే షాపులకి ఇక్కణ్ణుంచే పువ్వులు వెళ్తాయి. వాటిని పెంచిందెవరో ఏ పెళ్ళివారూ అడగరు. రోజంతా కలిపి ఆమె మాట్లాడేది ఆ షాపువాళ్ళతోనే, అదీ ఫోన్లో నాలుగు ముక్కలు.

ఆవేళ మటుకు మనసు తేలిగ్గా ఉంది. ఎల్లుండే ఆడపడుచు కీర్తి నిశ్చితార్థం. లేత గులాబీ రంగు పువ్వులున్న వరస మొత్తం దానికోసమే అట్టేపెట్టింది.

అత్తగారు నూకరత్నం వచ్చి నెట్ బయటే నిలబడింది.

"కీర్తికి బొకే అనకాపల్లిలో సెప్పేసేనమ్మా."

గౌతమి చెయ్యి ఆగిపోయింది. "అదేటత్తా? ఇంట్లో ఇన్ని పువ్వులుంటే?"

"మగపెళ్ళోరు అడుగుతారు కదా, ఎవరు సేసేరని. ఏటి సెప్పను?"

"నీ కోడలు చేసిందని చెప్పు."

"అదే సెప్పలేను."

"ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళకెళ్ళేయి నా పువ్వులు! వాళ్ళకి రాని కీడు మన కీర్తికొచ్చేస్తాదా?" గౌతమి చేతిలో పువ్వు బకెట్లో పడేసింది. "పరాయోళ్ళంటే పడేదాన్ని. నువ్వూ నాలాంటిదానివే కదత్తా."

అనేసి నాలిక కరుచుకుంది. మామగారు పోయేనాటికి కీర్తి పాలు తాగే పిల్ల.

నూకరత్నం గట్టుమీద కూలబడింది. "బాలుగాడు నీకు తాళి కడతన్నప్పుడు నేనెక్కడున్నానో తెలుసా? వంటల దగ్గర. బాజాలు ఇనపడ్డాయి, అంతే. నా కొడుకు పెళ్ళి నేను సూళ్ళేదు. ఎవరూ ఎల్లమన్లేదు, నేనే ఎల్లిపోయేను. అలవాటైపోయిందమ్మా. నీకూ అయిపోద్దనుకున్నాను."

"నాకవ్వలేదత్తా. రోజూ ఏడుపొస్తంది."

నూకరత్నం కోడలి ముఖంలోకి చూసింది. మూడేళ్ళుగా ఒకే ఇంట్లో, గోడకి అటొకరూ ఇటొకరూ ఏడుస్తూ వచ్చారని ఆ క్షణాన తెలిసింది ఆమెకి. కొంగు నోటికి అడ్డంపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి, అనకాపల్లి షాపుకి ఫోన్ చేసి బొకే వద్దని చెప్తున్న గొంతు వినపడింది.

నిశ్చితార్థం నాటి పొద్దున్న నూకరత్నం మొదటిసారి నెట్ లోపలికి వచ్చింది. "కత్తెరేదే?"

"కత్తెరక్కర్లేదత్తా. కాడ మొదట్లో పట్టుకుని పక్కకి వంచి లాగితే వచ్చేస్తాది."

హాల్లో మగపెళ్ళివారి పెద్దావిడ బొకే చేతిలోకి తీసుకుని ముచ్చటపడింది. "ఎక్కడ కొన్నారండీ?"

నూకరత్నం కొంగు సర్దుకుంది. "కొనలేదు. మా కోడలు పెంచి, తనే కట్టింది."

ఆవిడ నవ్వు ఆరిపోయింది. చేతిలో బొకే కుర్చీలో పెట్టేసి పక్కకి తిరిగింది. కీర్తి లేచి వచ్చి, ఆ బొకే తీసుకుని గుండెకి హత్తుకుని, వెళ్ళి మళ్ళీ తన చోట కూర్చుంది.

గౌతమి గుమ్మం దగ్గర నిలబడి అదంతా చూసింది. వెళ్ళిపోదామని వెనుదిరిగేసరికి నూకరత్నం వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ముందు వరసలో కూకుందాం, రా" అంది. "ఒక్కదాన్నీ కూకోడానికి బయమేస్తందే."