మూత పెట్టి తీసిన ఫోటోలు

మాది కనకమ్మ సత్రం దాటి తిరుత్తణి పోయే దారిలో, రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపలికున్న నేతగాళ్ళ ఊరు. ఇప్పుడు చేతి మగ్గాల చప్పుడు కంటే పవర్‌లూముల రొదే ఎక్కువ. రాత్రి తొమ్మిదికి అవి ఆగిపోతాయి. ఆ తర్వాత మా మిద్దె మీద నిలబడితే, దూరంగా తిరుత్తణి కొండ దీపాలు తప్ప పెద్దగా వెలుతురు ఉండదు. నాకు కావలసిందీ అదే.

నా పేరు శివప్రకాశం. ఆత్తిపట్టు కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. సెలవు దొరికితే ఊరికొచ్చి, మిద్దె మీద టెలిస్కోపు పెట్టి, దూరంగా ఉన్న గెలాక్సీలను ఫోటో తీస్తాను. "ఊరందరికీ వెలుతురు చేసి పంపించి, ఇంటికొచ్చి చీకటి వెతుక్కుంటావేమిరా!" అని మా అక్క తిరుమలమ్మ ఎగతాళి చేసేది. ఆమె నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. బావ చిన్న వయసులోనే పోతే, కూతురు నివేదను చంకనేసుకొని మా ఇంటికే తిరిగొచ్చి, కింద గదిలో నేలలోని గుంతలోకి కాళ్ళు దించి, గుంత మగ్గం మీద నేసి మా ఇద్దరినీ సాకింది.

గెలాక్సీ ఫోటో అంటే ఒక్క నొక్కుతో అయ్యేది కాదు. ఒక్కో ఫోటోకి కెమెరా కన్ను మూడు నిమిషాలు తెరిచి ఉంచాలి. అలాంటివి వంద తీసి ఒకదాని మీద ఒకటి పేర్చితేనే, ఎన్నో కోట్ల ఏళ్ళ కింద బయల్దేరిన ఆ పలచని వెలుగు కాస్త కంటికి ఆనుతుంది. ఆ మూడు నిమిషాల్లో కింద లైటు వెలిగినా, మెట్ల మీద ఎవరైనా నడిచినా, ఫోటో చెడిపోతుంది. అక్క మగ్గం దెబ్బకు కూడా నక్షత్రాలు అదిరేవి. అందుకని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. నేను మిద్దె మీదుంటే కింద లైటు వెయ్యకూడదు, మెట్లెక్కకూడదు, మగ్గం ఆడకూడదు. పెట్టింది నేను. తు.చ. తప్పకుండా పాటించింది అక్క.

పోయిన ఏడాది మాసి నెల అమావాస్య నాడు నేను తెల్లవారుజామున నాలుగుకు కిందికి దిగాను. అక్క మెట్ల మొదట్లో గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. ఒళ్ళు చల్లబడి ఉంది. లైటు స్విచ్చి ఆమె తలకు జానెడు దూరంలో ఉంది. లైటు వెయ్యలేదు.

గుండెపోటన్నారు. నొప్పి మొదలైనాక కనీసం గంటసేపైనా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆయన చెప్పకుండా ఉంటే బాగుండేది.

తిరువళ్ళూరు కాలేజీ హాస్టల్ నుంచి నివేద వచ్చింది. ఏడవలేదు. నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"అమ్మ పిలిచినాదా మామా?"

"లేదమ్మా. నాకేమీ వినపడలేదు" అన్నాను.

అబద్ధం. అక్క పిలిచింది. రెండు గంటలప్పుడు మెట్ల కింద నుంచి, గొంతు తగ్గించి, "రేయ్... ప్రకాశం..." అని. ఆ గొంతులో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఆ రాత్రి ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. "ఉండక్కా, మూడు నిమిషాలు" అన్నాను. ఆ మూడు నిమిషాలు అయ్యాయి. తర్వాతి ఫోటో దానంతటదే మొదలైంది. నేను మరిచిపోయాను. ఈ సంగతి ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. నివేదకు ఉన్నది నేనొక్కడినే. తెలిస్తే ఆ పిల్ల నా మొహం మళ్ళీ చూడదు. నాకున్న భయమంతా అదే.

అక్క పోయాక నివేద హాస్టల్ మానేసింది. రోజూ తిరువాలంగాడు స్టేషన్ నుంచి రైలెక్కి కాలేజీకి పోయి వచ్చేది. వారమంతా ఇంట్లో ఒక్కతే ఉండేది. ఎందుకే అంటే, "ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల గదా మామా" అంది. ధైర్యం గల పిల్ల అనుకున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను. మా నేతగాళ్ళలో మగ్గం మీద బతికిన మనిషి పోతే, పదహారో రోజు లోపల ఆ మగ్గం గుంతను మట్టితో పూడ్చేస్తారు. నేను పూడ్చలేదు. అక్క మీది ప్రేమతో కాదు, ఆ గుంతతో నాకు పని ఉండింది. ఆకాశం ఫోటోలు అయ్యాక, కెమెరాకు మూత పెట్టి, అవే మూడు నిమిషాల చొప్పున మళ్ళీ తీయాలి. లోపలికి వెలుతురు రాదు కాబట్టి, కెమెరా తనంతట తాను పుట్టించే చుక్కలూ మరకలూ మాత్రమే వాటిలో పడతాయి. వాటిని అసలు ఫోటోల్లోంచి తీసేస్తే గెలాక్సీ శుభ్రంగా మిగులుతుంది. ఈ పనికి చలువా, చిక్కటి చీకటీ కావాలి. మగ్గం గుంతను మించింది లేదు. "నా గుంతలో ఏముండాదని ఫోటో తీస్తావురా, నా కాళ్ళు తప్ప?" అని అక్క నవ్వేది.

ఈ ఏడాది అక్క తిథికి ముందు రోజు సాయంత్రం పక్కింటి అలిమేలమ్మ పెద్దమ్మ వచ్చింది. మగ్గం గదిలోకి తొంగి చూసి నిలబడిపోయింది.

"ఏమిరా ఇది? ఏడాది తిరిగొచ్చినాది, ఇంకా గుంత పూడ్చలేదా?"

"పొద్దున్నే పూడ్చేస్తా పెద్దమ్మా."

"నువ్వు చదువుకున్నోడివి, నీకు చెప్పేంత దాన్ని కాదు. గుంత తెరిచుంటే, పోయిన మనిషికి పోయినామని తెలవదురా. ఇంకా ఏదో పని మిగిలుండాదని అట్లే కూర్చోనుంటాది. పావం."

ఆమె వెళ్ళాక నివేద నా వైపు చూసింది. నేను టెలిస్కోపు పెట్టె మోసుకొని మెట్ల దగ్గర ఉన్నాను.

"ఈ రాత్రి కూడానా మామా?"

"ఆ రోజు సగంలో నిలిచిపోయినాదమ్మా. ఈ ఒక్క రాత్రితో ముగించేస్తా. మళ్ళ ముట్టుకోను."

"సరి" అంది. లోపలికి పోయి, అక్క గదిలో, లైటు వెయ్యకుండానే పడుకుంది.

సింహరాశిలో పక్కపక్కనే ఉండే మూడు గెలాక్సీలు. ఆ రాత్రి వదిలేసినవి అవే. ఒంటిగంట దాటేవరకు తీశాను. కింద నుంచి ఏ చప్పుడూ లేదు. ఏడాది కింద ఇదే మిద్దె మీద, ఇదే చలిలో, ఎంత సంతోషంగా కూర్చున్నానో గుర్తొచ్చి నా మీద నాకే రోత పుట్టింది. కెమెరా విప్పుకొని, కళ్ళు చెదరకుండా నుదుటికి కట్టుకునే ఎర్రలైటు వేసుకొని, కిందికి దిగాను.

మగ్గం గదిలో, నూలుకు పట్టించే గంజి వాసన వచ్చింది. పుల్లగా, అప్పుడే వార్చిన గంజిలా. ఆ మగ్గానికి గంజి తగిలి ఏడాదయింది. ఎలుకలు ఏదో ఒలకబోసి ఉంటాయనుకున్నాను. గుంతలోకి దిగి, కెమెరాకు మూత బిగించి, నల్లగుడ్డ చుట్టి, అడుగున పెట్టాను. వైరు లాప్‌టాప్‌కు తగిలించి, ముప్పై ఫోటోలకు నొక్కి, గుంత గట్టు మీద కూర్చున్నాను.

మొదటిది వచ్చింది. నలుపు. అక్కడక్కడ ఎర్ర చుక్కలు. మామూలే.

రెండోదీ అంతే.

నాలుగోదాంట్లో కింది మూలన బూడిదరంగు మరక కనిపించింది. మూత వదులైందేమో అనుకుని గుంతలోకి చెయ్యి పెట్టి తడిమాను. గట్టిగానే ఉంది. ఎర్రలైటు కూడా ఆర్పేశాను.

ఆరోదాంట్లో మరక పెద్దదైంది. ఏడోదాంట్లో దాని పక్కన అడ్డంగా గీతలు పడ్డాయి. ఒకదాని మీద ఒకటి. వెలుతురు పెంచి చూశాను.

మెట్లు.

మా ఇంటి మెట్లు. మూడో మెట్టు అంచు విరిగి ఉంది. నేను చిన్నప్పుడు రోకలి పడేసి విరగ్గొట్టిన మెట్టు అది.

ఆ మరక మనిషి. కింది మెట్టు దగ్గర, గోడకు తల ఆనించి కూర్చున్న మనిషి.

దూరంగా తిరువాలంగాడు దాటుతున్న గూడ్సు బండి కూత వేసింది. ఆ శబ్దం పోయాక గదిలో నా ఊపిరి తప్ప ఏమీ లేదు.

ఎనిమిది. తల పైకెత్తింది.

తొమ్మిది. నోరు తెరిచింది. మెట్ల పైకి చూస్తోంది.

పది. నోరు మూసుకుంది.

ఆ తర్వాత ఆమె కదల్లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు... అన్నింట్లో అదే. చేతులు ఒళ్ళో పెట్టుకొని, మెట్ల పైకే చూస్తూ. ఏం చేస్తోందో నాకు అర్థమైంది. కాచుకొని ఉంది. మూడు నిమిషాలన్నాను కదా. తమ్ముడు దిగి వస్తాడని కూర్చుని ఉంది.

వైరు పీకేసి పారిపోయి ఉండొచ్చు. పోలేదు. ఆ రాత్రి ఆమె పక్కన ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు నేను. ఇప్పుడైనా కూర్చోవాలనిపించింది. ఒక్కో ఫోటో కోసం మూడు నిమిషాలు చీకట్లో ఎదురు చూశాను. ఎదురు చూసే మూడు నిమిషాలు ఎంత పొడుగో నాకు అంతవరకు తెలియదు.

పద్దెనిమిదోదాంట్లో ఒక చెయ్యి ఎదురొమ్ము మీదికి పోయింది.

పందొమ్మిది. ఇంకో చెయ్యి గోడ మీదికి లేచింది.

ఇరవై. వేళ్ళు స్విచ్చి మీద ఉన్నాయి.

"వెయ్యక్కా..." అన్నాను. "లైటు వెయ్యి... ఫోటో పోతే పోనీ... వెయ్యక్కా..."

ఇరవై ఒకటి. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది.

గుంత గట్టుకు నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. తలెత్తేసరికి ఇరవై రెండు వచ్చి ఉంది. మెట్లున్నాయి. ఆమె లేదు.

ఇరవై మూడు... ఖాళీ మెట్లు.

ఇరవై నాలుగు. వట్టి నలుపు. అంతే.

అప్పుడు గదిలో గంజి వాసన పోయిందని గమనించాను. తలుపు ఓరగా తెరుచుకొని ఉంది. నేను మూసినట్టే గుర్తు. వసారా అవతల, అక్క గదిలోంచి, ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు.

ఎర్రలైటు వేసుకొని పరిగెత్తాను. నివేద చాప మీద, గోడకు ఆనుకొని, మోకాళ్ళు ముడుచుకొని కూర్చుని ఉంది. నిద్రపోయిన మొహం కాదు.

"మామా... ఆ లైటు మొగం మీద కొట్టొద్దు."

తల వంచాను. గుమ్మంలోనే కూర్చున్నాను.

"ఎవరితో మాట్లాడతా ఉండావమ్మా?"

ఇంక నా వల్ల కాలేదు.

"నివేదా, నీకు నేను అబద్ధం చెప్పినా. ఆ రాత్రి అమ్మ పిలిచినాది. నేను విన్నా. వినీ దిగి రాలేదు. నువ్వు నన్ను ఏమన్నా అనుకో. రేపు ఆ పిండం పెట్టేదానికి కూడా నాకు అర్హత లేదు."

ఆమె దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. తర్వాత మెల్లగా అంది.

"తెలుసు మామా."

"ఎట్ల తెలుసు?"

"అమ్మ చెప్పినాది."

"ఎప్పుడు?"

"కర్మ అయినాక హాస్టల్‌కి పోయేదానికని సామాన్లు సర్దుకుంటి గదా, ఆ రాత్రి. అందుకే నేను పోలా."

ఏడాది. ఏడాదిగా ఈ పిల్ల నాకు అన్నం వడ్డించింది. పండక్కి కొత్త చొక్కా కొనిపెట్టింది. ఒక్కనాడూ నన్ను నిలదీయలేదు.

అడగడానికి భయమేసింది. అయినా అడిగాను. "నా మీద కోపంగా... ఉండాదా?"

నివేద తల పక్కకు తిప్పింది. ఎవరి మాటో వింటున్నట్టు కాసేపు అలాగే ఉంది.

"లేదంట" అంది. "చలిగా మాత్రం ఉండాదంట."

కన్నీళ్ళతో నాకు చాప సరిగ్గా కనపడలేదు. తుడుచుకొని, లైటు కిందికి వంచి చూశాను. దుప్పటి సగం నివేద మోకాళ్ళ మీద ఉంది. మిగతా సగం, ఆమె పక్కన ఎవరూ లేని చోట, అంతే ఎత్తున నిలబడి ఉంది.