ముమ్కిన్ అంటే

దస్తగిరి పనిచేసే కాలేజీలో ఫిలాసఫీ డిపార్ట్‌మెంటు మూతపడిన రోజున బెంగళూరు శివార్లలోని వర్తూరులో వాన పడుతోంది. తొంభై ఎనిమిది జూన్ అది. చేరేవాళ్ళు లేరని యాజమాన్యం ఆ కోర్సునే ఎత్తేసింది. అతను బస్సు దిగి, తడిసిన చెప్పులతో నేరుగా ఛాయాదేవి బడికి వచ్చి, స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"పోయింది మేడమ్. బోర్డు కూడా పీకేసినారు."

ఛాయాదేవి తెలుగు టీచరు. ఏడాదిగా అతని పుస్తకానికి తెలుగు సరిచేస్తోంది. హిందూపురంలో పుట్టి, బెంగళూరు మదరసాలో అరబ్బీ నేర్చుకుని, ఇస్లాం తత్వశాస్త్రంలో డాక్టరేట్ దాకా చదివిన మనిషి అతను. ఆ శాస్త్రం తన ఊరివాళ్ళకు అర్థమయ్యేలా తెలుగులో రాయాలని పట్టుదల. వాక్యం మాత్రం ఒక పట్టాన ముగిసేది కాదు. మొదటిరోజే ఆమె పేజీనంతా ఎర్ర సిరాతో నింపేసి, "మీ వాక్యం మెజెస్టిక్‌లో బస్సెక్కితే దేవనహళ్ళిలో గాని దిగదు సార్" అంది. అతను నొచ్చుకోలేదు. "మధ్యలో స్టాపులు మీరు పెట్టండి మేడమ్" అన్నాడు. అప్పట్నించీ ప్రతి శనివారం వచ్చేవాడు. రానురాను పేజీలు తగ్గి, కబుర్లు పెరిగాయి.

ఆ రోజు ఆమె కాఫీ పోసి ఇచ్చింది. అలీగఢ్‌లో ఒక ఉద్యోగం దొరికేలా ఉందనీ, వెంటనే చేరాలంటున్నారనీ అతను వాన వైపు చూస్తూ చెప్పాడు. ఆమె తన గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత, అడగాల్సింది అడిగేసింది.

"మరి మన సంగతి? పెళ్ళీ గిళ్ళీ ఉండాదా, లేదా?"

"ముమ్కిన్," అన్నాడు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. శివాజీనగర్ అంగళ్ళలో రోజూ వినేదే. రేపు సరుకు వస్తుందా అంటే ముమ్కిన్ అంటారు. రావచ్చు, రాకపోవచ్చు. సిగ్గు విడిచి అడిగిన మనిషికి ఇదా జవాబు? "మంచిది సార్, మీకు బస్సు పోతుంది" అని లేచింది. ఆమె లేవడమే జవాబనుకున్నాడతను. ఏదో చెప్పబోయి, ఓపిక లేక, వానలోకి నడిచాడు.

తర్వాతి ఏళ్ళలో ఛాయాదేవి నాన్న పోయాడు. చెరువు పక్క పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. వచ్చిన సంబంధాలను ఆమే తిప్పి పంపింది. దస్తగిరి అలీగఢ్‌లో చేరాడు గాని ఉద్యోగం పర్మినెంటు కాలేదు, జుట్టు మాత్రం నెరిసింది.

రెండువేల నాలుగులో టౌన్‌హాల్ దగ్గర అతని తెలుగు ప్రసంగం ఉందని పేపర్లో చూసి, ఆమె వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. వచ్చినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. అతని గొంతు అలసిపోయి ఉంది.

"మా శాస్త్రంలో ముమ్కిన్ అంటే 'కావచ్చు' అని కాదు," అంటున్నాడు. "తనంతట తాను ఉండలేనిది. ఇంకొకరు కారణమైతేనే ఉండేది. ఆ కారణం నిలబడిందంటే, ఇక అది లేకుండా పోవడం కుదరదు."

జనం వెళ్ళేదాకా ఆమె కుర్చీలోనే కూర్చుంది. తర్వాత ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ రోజు మీరు చెప్పింది ఇదేనా?"

"ఇదే మేడమ్. మీరు సరే అంటే ఉండాది, లేకుంటే లేదు అని."

"అదేదో తెలుగులో చెప్పి ఏడవచ్చు కదా?"

"నా తెలుగు సరిచేసేది మీరు కదా."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. ఇద్దరికీ నలభై దగ్గర పడుతున్నాయి. అలిగేందుకు ఓపిక లేదు.

"సరే," అంది.

ఆదివారం తల్లీకూతుళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి అతను వాకిట్లో ఉన్నాడు. కూతురు చెప్పగా అంతా తెలిసిన తల్లి రత్నమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇన్నేండ్లు యాడికి పోయినావప్పా? రా, అన్నం తిందువు."

ఆశీర్వాదమంటే అదే. అతను కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. తింటూ, అలీగఢ్ వదిలేశానని, ఇక్కడే ఒక కాలేజీలో ఉర్దూ చెబుతానని అన్నాడు. రత్నమ్మ ఇంకొంచెం వడ్డించింది.

హిందూపురంలో అతని తల్లి ఉంది. ఆమెకు ఈ పెళ్ళి సంగతి అతనింకా చెప్పలేదు.