ఖోఖోలో కొరియా కేకలు

రెఫరీ విజిల్ వేయడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. జాస్మిన్ సైన్యానికి ఇంకా నోరు తిరగలేదు.

"మళ్లీ చెప్పండి. హిమ్నే."

"హిమ్నే" అన్నారు ఏడో తరగతి బి సెక్షన్ పిల్లలు ఇరవై మంది.

"అంటే?"

"నీరసపడకు, బలం తెచ్చుకో."

"క్వెంచనా?"

"పర్లేదులే."

"హ్వైటింగ్?"

"దుమ్ము లేపు" అన్నాడు బుడాన్, భోజనం పళ్లేన్ని గరిటెతో ఠంగుమని కొట్టి.

జాస్మిన్ తృప్తిగా తల ఊపింది. రెండు నెలలుగా అమ్మ ఫోన్లో కొరియా సీరియళ్లు చూసి నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలివి. మొత్తం పదకొండు. అన్నీ ఎదుటివాళ్లకు ధైర్యం చెప్పేవే. ప్రయోగించడానికే సరైన మనిషి దొరకలేదు. పొద్దున పత్తి తీతకు బయల్దేరిన అమ్మమ్మ కోటిరత్నానికి "హ్వైటింగ్" చెబితే, "ముందా నీళ్ల క్యాన్ పట్రా" అంది.

ఇవాళ మనిషి దొరికింది. పక్క బెంచీ మౌలాబీ.

మండలం ఖోఖో ఫైనల్ ఇవాళే. గెలిచిన జట్టు ఒంగోలు వెళుతుంది, జిల్లా పోటీలకు. రెగ్యులర్‌గా ఆడే అమ్మాయికి జ్వరం వచ్చి మౌలాబీకి చోటు దొరికింది. "ఇవాళ నీ ఆట చూసి, ఉంచాలో తీసెయ్యాలో చెబుతా" అన్నారు పీఈటీ ఫిలిప్ సార్. అప్పట్నుంచి మౌలాబీ బూట్ల తాళ్లు కడుతూ విప్పుతూ ఉంది.

"సార్ నన్ను తీసేస్తారేమోనే" అంది.

"నువ్వు ఆడు చాలు. ధైర్యం సంగతి నాకొదిలెయ్" అంది జాస్మిన్.

ముందు పక్క ఊరి జట్టు తరిమింది. ఎనిమిది మందిని ఔట్ చేసింది. తరవాత మనవాళ్ల వంతు. ఎనిమిది మంది వరసగా గళ్లలో కూర్చున్నారు. తరిమే అమ్మాయి కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి "ఖో" అనాలి. అది విన్నాకే లేచి పరిగెత్తాలి. ఆ మాట రెఫరీకి కూడా వినపడాలి. లేకపోతే ఫౌల్.

విజిల్ మోగింది.

"మౌలాబీ, హ్వైటింగ్."

ఇరవై గొంతులు, ఒక పళ్లెం. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

మౌలాబీ వీపు మీద చెయ్యి పడింది. ఖో అన్నారో లేదో తెలియలేదు. లేవాలా, వద్దా? ఆలోచించేలోపు ముందున్న అమ్మాయి తప్పించుకుపోయింది.

"నిద్రపోతున్నావా?" అని అరిచారు ఫిలిప్ సార్.

పాపం, భయపడింది అనుకుంది జాస్మిన్. భయానికి మందు తన దగ్గరే ఉంది కదా.

"హిమ్నే చెప్పండర్రా. ఇంకా గట్టిగా."

ఇంకా గట్టిగా చెప్పారు. ఈసారి చెయ్యి పడగానే మౌలాబీ లేచింది. విజిల్ మోగింది. "ఖో వినపడలేదు. ఫౌల్" అన్నాడు రెఫరీ.

"అయ్యో. క్వెంచనా చెప్పండి, క్వెంచనా."

అదీ చెప్పారు. దానికి రెండో ఫౌల్ వచ్చింది.

ఏడు నిమిషాలు అయ్యేసరికి మనకు వచ్చినవి అయిదే పాయింట్లు. ఫిలిప్ సార్ మౌలాబీ దగ్గరికి వెళ్లి చాలా నెమ్మదిగా మాట్లాడారు. సార్ నెమ్మదిగా మాట్లాడితే బడి మొత్తానికి భయం.

"ఇంకొక్క ఫౌల్ చేశావంటే పక్కన కూర్చుంటావ్."

జాస్మిన్ నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తింది. "మౌలా, హల్ సు ఇస్సో. అంటే నువ్వు చెయ్యగలవ్ అని."

మౌలాబీ సీసా తీసుకోలేదు.

"నాకు ఖో వినపడలేదే" అంది. "నీ గొంతొక్కటే వినపడింది."

జాస్మిన్ వెనక్కి వచ్చింది. నోట్‌బుక్ సంచిలో కుక్కేసింది. పదకొండు మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు.

"ఏడుపు మొహం పెట్టమాకు" అన్నాడు బుడాన్. వాడి కళ్లు మెరుస్తున్నాయి. "ఇప్పుడు తరిమేదెవరు?"

"వాళ్లు."

"మనం అరిస్తే ఖో ఎవరికి వినపడదు?"

జాస్మిన్ వాడి వైపు చూసింది. లెక్క సరిపోయింది. చూసేవాళ్లు అరవకూడదని ఏ రూలూ లేదు. ఫౌళ్లు తన వల్లే వచ్చాయి. అవతలివాళ్లకూ తనే తెప్పించేస్తే సరి.

ఆట మొదలైంది. ఎర్ర రిబ్బన్ల జడలమ్మాయి వీపు మీద చెయ్యి పడబోయే క్షణం చూసి జాస్మిన్ చెయ్యెత్తింది.

"హ్వైటింగ్."

ఆ అమ్మాయి లేచింది. విజిల్ మోగింది. ఫౌల్.

బి సెక్షన్ ఎగిరి గంతేసింది. బుడాన్ పళ్లెంతో చిందేశాడు. అవతల ఆ జట్టు సార్ గీత దాకా వచ్చి, "భవ్యా, నిద్రపోతున్నావా? ఇంకో ఫౌల్ చేస్తే బయట కూర్చోబెడతా" అని అరిచాడు.

భవ్య మళ్లీ గళ్లో కూర్చుంది. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ఆ పైన బూటు తాడు విప్పి, మళ్లీ కట్టుకుంది.

జాస్మిన్ ఆ తాడునే చూస్తూ ఉండిపోయింది.

"నెక్స్ట్ ఎప్పుడు? చెయ్యెత్తు" అన్నాడు బుడాన్.

జాస్మిన్ చెయ్యెత్తలేదు. ఆ చేత్తోనే వాడి పళ్లెం లాక్కుని, దాని మీద కూర్చుంది.

"ఏయ్, మనం ఓడిపోతాం."

"ఓడితే ఓడదాం. ఎవరూ అరవద్దు."

"మరి మనమెందుకొచ్చాం ఇక్కడికి?"

జాస్మిన్ కాసేపు గోరు కొరికింది. తరవాత బొటనవేలు, చూపుడువేలు కొసలు అడ్డంగా కలిపి పైకెత్తింది. "సీరియల్లో ఇది కూడా చేస్తారు. చిన్న గుండెకాయ బొమ్మ. చప్పుడుండదు."

ఇరవై చేతులు లేచాయి.

అప్పుడే పత్తి తీత ముగించి కోటిరత్నం గ్రౌండు పక్కగా వస్తోంది. ప్రహరీ అవతల ఆగి ఆ చేతులన్నీ చూసింది.

"ఏందే జాసమ్మా" అని కేకేసింది. "ఇంతమందికి చిటికెడు చొప్పున ముక్కుపొడి నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

"అమ్మమ్మా, ష్."

"పత్తి సాలులో వెనకబడ్డదానికి సాయం పట్టకుండా మేమూ ఇట్టా చేతులెత్తి చూస్తే, సంక్రాంతికి గూడా పత్తి ఇంటికి రాదు" అని గొణిగి, అక్కడే గోడకు చేరబడి పొడి డబ్బా తీసింది.

పక్క ఊరివాళ్లు ఈసారి నలుగుర్ని ఔట్ చేశారు. మొత్తం పన్నెండు. మనవి అయిదు. గెలవాలంటే ఇంకా ఎనిమిది కావాలి. ఏడే నిమిషాలు.

మనవాళ్లు కూర్చున్నారు. గ్రౌండు నిశ్శబ్దంగా ఉంది. రోడ్డు మీద పత్తి బోరాల ట్రాక్టరు పోతున్న చప్పుడు దాకా వినపడుతోంది.

"ఖో."

మౌలాబీ లేచింది. విజిల్ మోగలేదు. నాలుగు అంగల్లో ఒకమ్మాయి వీపు తట్టింది.

జాస్మిన్ నోట్లో హ్వైటింగ్ పెదాల దాకా వచ్చింది. మింగేసింది. పక్కన బుడాన్ రెండు చేతులతో నోరు మూసుకుని ఎర్రబడిపోయాడు.

ఖో. ఒకటి. ఖో. ఇంకొకటి. ఏడో పాయింటు వచ్చేసరికి ఇరవై సెకన్లు మిగిలాయి. ఎదురుగా ఒక్క అమ్మాయి. ఎర్ర రిబ్బన్లు.

"ఖో."

మౌలాబీ స్తంభం దగ్గర మలుపు తిరిగి, పొడవునా పడిపోతూ చెయ్యి చాచింది. రెండు వేళ్లు రిబ్బన్ కొసను దాటి భుజానికి తగిలాయి.

విజిల్.

అప్పుడు అరిచారు. పదకొండు మాటలూ కలిపి, వరస లేకుండా, తెలుగులో కూడా. కాకులు రెండోసారి లేచిపోయాయి. మోచేతుల నిండా మట్టితో మౌలాబీ నేరుగా జాస్మిన్ దగ్గరికొచ్చి చెయ్యి చాచింది.

"ఇప్పుడివ్వవే ఆ నీళ్లు."

ఫిలిప్ సార్ ఒంగోలు వెళ్లే పేర్లు రాసుకుంటున్నారు. మౌలాబీ పేరు రాసి, కింద రెండు గీతలు గీశారు.

జాస్మిన్ మాత్రం అక్కడ నిలబడలేదు. గ్రౌండు దాటి వెళ్లింది. భవ్య మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

"ఇందాక నీ ఫౌల్ నా వల్లే వచ్చింది. కావాలనే అరిచాం" అంది జాస్మిన్. "సారీ."

భవ్య బూటు విప్పి మట్టి దులిపింది.

జాస్మిన్ పక్కన కూర్చుంది. ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పింది. "క్వెంచనా. చల్‌హెస్సో. అంటే—"

"బాగా ఆడావు అని. తెలుసు" అంది భవ్య ముక్కు ఎగబీలుస్తూ. "నాకు పద్నాలుగు వచ్చు."

జాస్మిన్ నోరు తెరిచింది. "మిగతా మూడేంటి?"

భవ్య తలెత్తి, మొదటిసారి నవ్వి, రెండు వేళ్లు కలిపి చూపించింది. జాస్మిన్ కూడా చూపించింది.

ఆ రెండు చేతుల మధ్యకు మూడో చెయ్యొకటి వచ్చి చెరో చిటికెడు ముక్కుపొడి వేసింది.

"పాపం, ఇందాకట్నుంచి అడుగుతానే ఉన్నారు" అంది కోటిరత్నం.