ఫోన్ చేసినందుకు థాంక్స్

"బ్రేకు నేను వెయ్యలేదు!" అంది ఆమె.

"నేను వేశాను," అన్నాడతను, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు చూపిస్తూ.

"స్టీరింగ్ నా చేతిలో ఉండగా మీరెవరండీ బ్రేకెయ్యడానికి?"

"స్టీరింగ్ మీ చేతిలో ఉంది కాబట్టే వేశానండీ."

వెనక లారీవాడు హారన్ మోత మోగించాడు. ఆమె మూతి ముడుచుకుని మళ్ళీ స్టార్ట్ చేసింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగింది. అతనికి నవ్వాగలేదు, ఆమెకి కోపమాగలేదు. ఇంతకన్నా ఘోరంగా మొదలైన ప్రేమకథలు చాలానే ఉంటాయి గాని, మన కథ మాత్రం ఇలా మొదలైంది.

అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఆమె కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే డాక్టరు. రోజూ పొద్దున్నే, ఆమె క్లినిక్ తెరిచే లోపు, ఒక గంట క్లాసు. వారం తిరిగేసరికి ఆ గంట కోసం మాస్టారు ఇస్త్రీ చొక్కాలు వెతుక్కోవడం మొదలెట్టాడు.

"మాస్టారూ, మీకింకా పెళ్ళెందుకు కాలేదు?"

"అద్దం చూడండి."

"చూశాను. బాగానే ఉన్నారుగా!"

"నా మొహం కాదు తల్లీ, వెనకొచ్చే బస్సు చూడండి!"

ఇలా పకపకలతో బండి సాగిపోతుండగా, ఒక సాయంత్రం అతనికి ఫోనొచ్చింది. ఆర్నెల్ల క్రితం దాకా అతను ప్రేమించిన అమ్మాయి. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. పోట్లాటేమీ లేకుండానే విడిపోయారు. ఆమె గొంతు సవరించుకుని, "నాకు టెస్టులో సిఫిలిస్ అని వచ్చింది. నువ్వు కూడా ఓసారి చూపించుకో," అంది.

మాస్టారికి ఒళ్ళు మండింది. "నేను గుండ్రాయిలా ఉన్నాను. నీ రోగాలు నాకు అంటగట్టకు!" అని ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. 'ఎంతైనా తిట్టుకో. టెస్టు మాత్రం చేయించుకో. నాకూ ఒంట్లో ఏమీ తెలియలేదు.'

చదివాక కంటి మీద కునుకు లేదు. ఉంటే? ఉందని తెలిస్తే డాక్టరమ్మ మొహం చూడగలడా? పోనీ తెలుసుకోకుండా ఊరుకుంటే, రేపు ఆమెకే అంటిస్తే? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు క్లాసులో ఆమె చిరాగ్గా ఉంది. "నిన్న ఒకాయన కుక్కని తెచ్చాడు, లేవలేని స్థితిలో. ముందే తేవచ్చుగా అంటే, బాగానే తింటోంది కదా అనుకున్నాడట! పాపం అవి నోరులేని జీవాలు, చెప్పుకోలేవు. నోరున్న మనకేం వచ్చింది మాస్టారూ?"

మాస్టారు ఆ మధ్యాహ్నమే సుఖవ్యాధులకి పరీక్షలు చేసే సెంటరుకి వెళ్ళాడు. టోకెన్ తీసుకుని, మూల కుర్చీలో, పేపరు వెనక తల దాచుకుని కూర్చున్నాడు.

"ఏంటి మాస్టారూ, ఇక్కడున్నారు?"

పేపరు దించితే ఎదురుగా డాక్టరమ్మ! పై ప్రాణాలు పైనే పోయాయి. గోడ పక్కన తాగునీళ్ళ మిషన్ కనిపించింది. "అదీ... ఆ మిషన్ రిపేరుకి వచ్చాను. డ్రైవింగ్‌తో పాటు ఇదీ చేస్తుంటాను."

కౌంటరులోంచి నర్సు సంబరంగా లేచింది. "హమ్మయ్య, వచ్చావా బాబూ! పొద్దుట్నించీ నీ కోసమే చూస్తున్నాం. ఇదిగో స్క్రూడ్రైవర్."

ఇక తప్పుతుందా? మాస్టారు మిషన్ వెనక చేరి కంటికి కనిపించిన మరనల్లా తిప్పాడు. ఏ మర తిప్పాడో గాని, పైపు ఊడొచ్చి నీళ్ళు నేరుగా మొహం మీద కొట్టాయి. కూర్చున్నవాళ్ళంతా కాళ్ళు పైకెత్తుకున్నారు.

"పదిహేడో నంబరు!" లోపల్నించి పిలుపు. ఎవరూ లేవలేదు. "పదిహేడూ!"

మాస్టారి జేబులోంచి తడి టోకెన్ జారి నీళ్ళలో తేలుతూ పోయింది. డాక్టరమ్మ వంగి తీసి, నంబరు చూసి, అతని చేతిలో పెట్టింది.

"మిమ్మల్నే పిలుస్తున్నారు. వెళ్ళండి, ఏం కాదు. నేను ఏటా వస్తాను."

"మీరా?"

"నాకూ ఒకప్పుడు ఒకడుండేవాడు లెండి. అప్పట్నించి అలవాటైంది. నాది పద్దెనిమిది."

లోపల నర్సు రక్తం తీస్తుంటే అడిగాడు. "ఒంట్లో ఏమీ లేకపోయినా టెస్టు అవసరమా సిస్టర్?"

"ఏమీ తెలియకపోవడం వేరు, ఏమీ లేకపోవడం వేరు బాబూ. ఆ తేడా తేల్చడానికే ఈ సూది."

రిజల్టు వచ్చింది. హెచ్‌ఐవీ లేదు. సిఫిలిస్ ఉంది. "తొందరగా వచ్చి మంచి పని చేశావు. పెన్సిలిన్‌తో పోతుంది. వదిలేస్తే ఏళ్ళ తరబడి లోపల దాక్కుని, గుండెకీ మెదడుకీ పాకేది," అంటూ నడుం కింద రెండు వైపులా చెరొక ఇంజెక్షన్ పొడిచింది నర్సు. "కొన్ని నెలలకి మళ్ళీ రావాలి. తగ్గిందని తేలేదాకా ఎవరితోనూ కలవకుండా బుద్ధిగా ఉండాలి. ఇంతకీ ఆ మిషన్ ఎవరితో బాగుచేయించను?"

మర్నాడు క్లాసు. సన్నగా వాన పడుతోంది. రోడ్డంతా గతుకులు.

"అబ్బా!" అన్నాడు మాస్టారు మొదటి గతుక్కి. "అమ్మా!" అన్నాడు రెండోదానికి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏకంగా సీటు మీంచి లేచిపోయాడు.

ఆమె కారు పక్కకి తీసి ఆపింది. "అంత ఘోరంగా నడుపుతున్నానా? గంటనించీ చూస్తున్నాను, ఒకటే మూలుగులు! నా డ్రైవింగ్ నచ్చకపోతే నోటితో చెప్పండి. రేపట్నించి వేరే స్కూలు చూసుకుంటాను."

ఇప్పుడు చెప్పకపోతే ఆమె వెళ్ళిపోతుంది. చెప్పినా వెళ్ళిపోవచ్చు. అయినా చెప్పాడు. పాత ప్రేమ, ఫోను, తను అన్న పాడు మాట, రిజల్టు, రెండు సూదులు, అన్నీ. తలెత్తకుండా చెప్పాడు.

వైపర్లు అటూ ఇటూ తిరిగాయి.

"అయితే ఆ మూలుగులు నా డ్రైవింగ్‌కి కాదన్నమాట!" అని పగలబడి నవ్వింది.

"మీకు అసహ్యంగా లేదా?"

"మందుతో పోయేదానికి అసహ్యం దేనికండీ? దాచిపెడితే అసహ్యించుకునేదాన్ని. అసలు నాకెందుకు చెప్పారు?"

"మీరంటే ఇష్టం. అది చెప్పి ఇది దాచడం తప్పనిపించింది."

"ఓహో, ఇష్టం కూడా ఉందా?" ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. కారు స్టార్ట్ చేసింది. "తగ్గిందని తేలాక మళ్ళీ చెప్పండి. అప్పటిదాకా నాకు రివర్స్ నేర్పండి."

నెలలు గడిచాయి. ఆమెకి లైసెన్సు వచ్చింది, రివర్స్ మాత్రం రాలేదు. మళ్ళీ టెస్టు రోజున ఆమే అతన్ని కారులో తీసుకెళ్ళింది. రిజల్టు చూసి నర్సు వెన్ను తట్టింది. హెచ్‌ఐవీ ఈసారీ లేదు, మందు బాగా పనిచేసింది, ఇక దిగుల్లేదు. ఇద్దరూ బయటి మెట్ల మీద కూర్చున్నారు. అతను చెప్పబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఒకరికి ఫోన్ చెయ్యాలి."

"మీ అమ్మగారికా?"

"మీకు ఫోన్ చేసి తిట్లు తిన్న అమ్మాయికి."

అతను నంబరు నొక్కాడు. "నేనే. ఆ రోజు..."

"టెస్టు చేయించుకున్నావా?" అవతల్నించి మొదటి మాట అదే.

"చేయించుకున్నాను. మందు పడింది. తగ్గిపోయింది."

గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. "నాకూ తగ్గింది. నువ్వెలా ఉన్నావోనని రోజూ అనుకునేదాన్ని. మళ్ళీ చేస్తే తిడతావని చెయ్యలేదు."

"థాంక్స్. నువ్వు చెప్పకపోతే నేను..." డాక్టరమ్మ ఫోన్ అందుకుంది.

"నమస్తే అండీ. నేను ఈయన్ని పెళ్ళి చేసుకోబోయే అమ్మాయిని."

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి అతనికీ అప్పుడే తెలిసింది.

"మాట పడి మరీ ఈయనకి మేలు చేశారు. నాకూ చేశారు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, వెనకే చిన్న నవ్వు. "పెళ్ళికి పిలవండి, చాలు."

"ముందు వరసలో మొదటి కుర్చీ మీదే. సరే గాని, ఈయన మీతో ఉన్నప్పుడు కూడా గతుకొస్తే అరిచేవారా?"

ఆడవాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మాస్టారికి కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది.