రెండువందల ఎనభై గ్రాములు

"ఈ బండిని పాడుచేసిన మేధావి ఎవడో తెలిస్తే, వాణ్ణి లాక్కెళ్లి ఆ వాగులోనే ముంచుతా!"

షెడ్డు ముందు బండికి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, ఆమె అన్న మొదటి మాట అది. మోకాళ్ల దాకా బురద. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ రోజు వాన పడలేదు కాబట్టి అవి వాన నీళ్లు మాత్రం కావు.

చిన్నోడు చేతిలో స్పానరు కింద పెట్టాడు. పాతికేళ్లు దాటినా, మట్టి రేసుల్లో రెండు కప్పులు గెలిచినా, ఆ షెడ్డులో అతను చిన్నోడే. షెడ్డు అన్నయ్యది. మూలనున్న, ఇనుము చెక్కే లేత్ మిషను వదినది. మిగిలిన పనంతా అతనిది.

"కూర్చోండి. ఏమైంది?"

"కూర్చుంటే మీ కుర్చీ తడుస్తుంది. నేను మేకల డాక్టర్ని. కొండ మీద మందలకి సూదులెయ్యడానికి వెళ్తుంటాను. రాళ్లల్లో ఫస్ట్ గేర్లో మెల్లగా వెళ్తుంటే ఠప్పున ఆగిపోతుంది. ఇవాళ వాగు మధ్యలో ఆగింది. నేనొకవైపు, బండొకవైపు, మందుల డబ్బా ఇంకోవైపు. నలభై మేకల టీకాలు నీళ్లపాలు!"

"మరీ అంత ఈజీగా ఆగిపోతుందా?"

"మేక తుమ్మితే చాలు, ఆగిపోతుంది."

చిన్నోడికి నవ్వొచ్చింది. అది కనబడకుండా బండి మీదకి వంగాడు. ట్యాంకు మీద నీలం రంగు ఒకచోట గీసుకుపోయి, అడుగున ఎరుపు తొంగి చూస్తోంది. ఎడమ ఫుట్‌రెస్టు కాస్త పైకి వంగి ఉంది.

ఆ వంపు చూడగానే నవ్వు ఎగిరిపోయింది. అది అతని బండే. రెండేళ్ల క్రితం రేసులో భుజం ఎముక విరిగాక ఎవరో బ్రోకరుకి అమ్మేశాడు. అంతకుముందు వేగం కోసం దాని ఫ్లైవీల్‌ని చెక్కించి తేలిక చేయించింది కూడా తనే.

మేధావి దొరికాడు. మేధావి ఆమె వైపు చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

"ఫ్లైవీల్ తేలికైపోయిందండీ," అన్నాడు చివరికి. "ఇంజను పక్కన తిరిగే బరువైన చక్రం. ఇంజను నీరసపడిన క్షణంలో దాన్ని ఆగనివ్వకుండా తిప్పేది అదే. బరువు తగ్గిస్తే బండి చటుక్కున అందుకుంటుంది, చటుక్కున ఆగిపోతుంది కూడా. దానికో ఇనుప రింగు బిగిద్దాం."

"బరువు పెంచితే స్పీడు తగ్గదా?"

"మీరు మేకల దగ్గరికి వెళ్తున్నారా, మేకలతో పందెం వేస్తున్నారా?"

ఆమె నవ్వింది. నవ్వినప్పుడు చెంప మీద ఎండిన బురద చిన్నగా పగిలింది. చిన్నోడు చూపు తిప్పుకోవడం మర్చిపోయాడు.

మర్నాడు ఎడమ వైపు కవరు విప్పి, బిగుసుకున్న చక్రాల్ని లాగే పుల్లరు బిగించి ఫ్లైవీల్‌ని ఊడదీశాడు. వదిన కళ్లద్దాలు సర్దుకుని, దాని అంచు మీద వేలు పెట్టి చుట్టూ రాసింది.

"ఈ కోత నాదే కదరా?"

"మెల్లగా వదినా, ఎవరైనా వింటారు!"

"మరిది అడిగాడని చెక్కాను. ఆ అమ్మాయికి చెప్పావా?"

"బండి బాగుచేశాక చెప్తా. ఇప్పుడే చెప్తే వెళ్లిపోతుంది."

"బండా? మనిషా?"

చిన్నోడు శుభ్రంగా ఉన్న పుల్లరునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. వదిన నవ్వు దాచుకోలేదు. "రింగు నేను చేసిస్తా. ఆ మాట మాత్రం నువ్వే చెప్పాలి. నేను చెప్తే బాగోదు."

మొదటి రింగు నాలుగువందల గ్రాములు తూగింది. చిన్నోడు దాన్ని ఫ్లైవీల్‌కి బిగించి, ఒకవైపు బరువు ఎక్కువ కాకుండా సరిచూసి, కవరుకి తగలడం లేదని రెండుసార్లు చేత్తో తిప్పి చూశాడు. మరునాడు ఇద్దరూ కొండదారి పట్టారు. ఆమె ముందు తన బండి మీద, అతను వెనక అన్నయ్య బండి మీద.

బండి ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ సగం కొండ ఎక్కాక ఆమె ఆపి వెనక్కి తిరిగింది.

"పిలిస్తే పలకడానికి మా నాన్నంత టైం తీసుకుంటోంది. రాయి ఎక్కుదామని రేజ్ ఇస్తే, వినపడనట్టే ఉంటోంది. దిగేటప్పుడు రేజ్ వదిలేసినా ఇంకా తోసుకుపోతోంది."

"ఎక్కువ పెట్టేశాను. తగ్గిద్దాం."

అంతలో వాన అందుకుంది. ఇద్దరూ మేకల దొడ్డి పక్కనున్న రేకుల పాక కిందకి పరిగెత్తారు. ఓ తడిసిన మేకపిల్ల వచ్చి ఆమె ఒళ్లో దూరింది. ఆమె దాని చెవులు తుడుస్తూ అంది.

"ఎవడో చేసిన పనికి మీరు తిప్పలు పడుతున్నారు. ఇంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?"

చిన్నోడికి పాక ఇరుకైనట్టనిపించింది. "ఆ ఎవడో కూడా మరీ చెడ్డవాడు కాకపోవచ్చు."

"వెనకేసుకొస్తున్నారేంటి? మీ చుట్టమా?"

"దగ్గరి చుట్టమే," అన్నాడు. రేకుల మీద వాన చప్పుడుకి ఆమెకి వినపడలేదు. మళ్లీ చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

వదిన రింగుని కొంచెం కొంచెంగా చెక్కింది. మూడువందల యాభై. తర్వాత మూడువందల ఇరవై. ప్రతిసారీ విప్పడం, బిగించడం, కొండ ఎక్కి దిగడం. ఈ మధ్యలో ఆమెకి టీలో చక్కెర అక్కర్లేదని అతనికి తెలిసింది. ఎడమ భుజం ఎత్తితే అతనికి ఇంకా నొప్పేస్తుందని ఆమెకి తెలిసింది. బరువైన డబ్బా ఆమే అందుకోవడం మొదలుపెట్టింది.

రెండువందల ఎనభై దగ్గర కుదిరింది. మనిషి నడక వేగంలో రాళ్ల మీంచి వెళ్లినా ఇంజను తొణకలేదు. రేజ్ ఇవ్వగానే అందుకుంది. ఆమె వాగు దాటి, అవతలి గట్టున బండి మీదే నిలబడి రెండు చేతులూ పైకెత్తి కేకేసింది.

షెడ్డుకి తిరిగొచ్చాక పర్సు తీసింది. "ఎంతివ్వాలి?"

"ఏమీ వద్దు."

"ఊరికే చేయించుకోవడం నాకు అలవాటు లేదండీ."

"ఊరికే కాదు. ఆ మేధావిని నేనే. రెండేళ్ల క్రితం ఇది నా బండి. ఫ్లైవీల్ చెక్కించింది నేనే. అమ్మేటప్పుడు ఆ మాట ఎవరికీ చెప్పలేదు."

ఆమె మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా పోయింది.

"నేను వాణ్ణి తిడుతుంటే మీరు పక్కనే కూర్చుని విన్నారు."

"విన్నాను."

"మొదటిరోజే తెలుసా?"

"తెలుసు."

ఆమె పర్సులోంచి నోట్లు తీసింది. డబ్బులు బల్ల మీద పెట్టి, హెల్మెట్ తగిలించుకుంది. ఇరుకైన గేటులోంచి బండి మెల్లగా, ఎక్కడా తడబడకుండా బయటికి వెళ్లిపోయింది. చేసిన పని బాగా కుదిరినందుకు చిన్నోడికి బాధేయడం అదే మొదటిసారి.

వారం గడిచింది. గేటు దగ్గర ఏ బండి చప్పుడైనా చిన్నోడి తల లేచేది. "మెడ పట్టేస్తుందిరా," అంది వదిన. అంతకుమించి ఆటపట్టించడానికి ఆమెకి మనసు రాలేదు.

ఎనిమిదో రోజు ఒక పెద్దావిడ ఆటో దిగి, గొడుగు ముడుచుకుంటూ తిన్నగా అతని ముందుకొచ్చింది.

"మా అమ్మాయిని వాగులో పడేసింది నువ్వేనా బాబూ?"

చిన్నోడు లేచి నిలబడ్డాడు. "నేనేనండీ."

"వారం నుంచి ఇంట్లో అన్నం దగ్గర నీ మీద తిట్లే, పడుకోబోయేముందు నీ మీద తిట్లే. దానికి ఎవరి మీదా కోపం రెండు పూటలు నిలవదు. ఇన్నాళ్లు నిలిచిందంటే ఆ మనిషెవరో చూద్దామని వచ్చా."

"అమ్మా!" వెనకే ఆగిన బండి మీంచి కేక. "మందులు కొనుక్కొస్తానని ఇక్కడికొచ్చావా?"

పెద్దావిడ తాపీగా కుర్చీలో కూర్చుంది. వదిన మంచినీళ్లు తెచ్చిచ్చి ఆవిడ పక్కనే మరో కుర్చీ వేసుకుంది.

ఆమె బండి దిగి చిన్నోడి దగ్గరికి వచ్చింది. "ఫ్లైవీల్ సంగతి నేను మర్నాడే వదిలేశాను. మీరు మీ పందెం కోసం చేసుకున్నారు, మేకల డాక్టరు కొంటుందని కలగన్నారా? కానీ అన్ని రోజులు నాతో తిరిగి, ఒక్క మాట చెప్పలేకపోయారే! ఎందుకు?"

"చెప్తే మళ్లీ రారని భయమేసింది. ముందు ఒక్కరోజు అనుకున్నా. తర్వాత ఇంకొక్కరోజు. మూడువందల ఇరవై దగ్గరే బండి దాదాపు కుదిరింది. ఇంకొకసారి మీతో కొండెక్కొచ్చని తగ్గిద్దామన్నా." తలెత్తి ఆమెని చూశాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. ఇది మాత్రం దాచను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీల్లో ఇద్దరూ మాటలాపేశారు. అది గమనించిన వదిన గబగబా లేచి, ఏ పనీ లేకపోయినా లేత్ ఆన్ చేసింది.

ఆ రొదలో ఆమె చిన్నోడి దగ్గరికి జరిగి, అతని చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"రేపు పొద్దున్న ఆరింటికి పైకి వెళ్తున్నా. అరవై మేకలు. పట్టుకోవడానికి మనిషి కావాలి. వస్తావా?"

అన్నాళ్లూ 'మీరు' అన్న మనిషి. చిన్నోడు సరిగ్గా విన్నానో లేదో అనుకుని ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"వస్తా," అన్నాడు.

"ఆదివారం మీ అన్నావదినల్ని తీసుకుని మా ఇంటికి కూడా రా బాబూ," అని పెద్దావిడ లేత్ చప్పుడుని మించి అరిచింది. "వాళ్ల నాన్నకి చెప్పి ఉంచుతా. ఆయన పలకడానికి టైం పడుతుంది కానీ, కాదనడు!"