పచ్చ దీపం వెలిగిన చెయ్యి

పైడిరాజు బలమంతా పెట్టి నొక్కాడు. బటన్ కదల్లేదు. అతని మణికట్టు మీది బ్యాండ్ ఎర్రగా వెలుగుతోంది.

బయట రొయ్యల ఫ్యాక్టరీ సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. కోల్డ్ స్టోరేజికి పోయే అమోనియా పైపు పగిలింది. గాలి రొయ్యలు ఒలిచే షెడ్డు వైపు వీస్తోంది. ఆ షెడ్డుకున్న ఒక్క తలుపూ అమోనియా ట్యాంకు వైపే ఉంది. లోపల చిక్కుకున్న ఆడవాళ్ళలో పైడిరాజు భార్య నూకరత్నం కూడా ఉంది. కంట్రోల్ రూమ్‌లో ఈ బటన్ నొక్కితే చాలు, పైపు మూసుకుపోతుంది.

“మేడమ్, ఇదేటి? నా సెయ్యికి పలకడం నేదు!”

పక్కనే నిలబడ్డ డాక్టర్ ఇందుమతి ముఖం పాలిపోయింది. ఆ బటన్లకి కాపలా కాసే యంత్రం ఆవిడ సృష్టే. పేరు ‘నిదానం’. అది చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. కంగారులో మనిషి ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతాడు. అందుకని బ్యాండ్ నాడి చూస్తుంది, వేళ్ళ వణుకు కొలుస్తుంది, ఈ క్షణంలో ఈ మనిషి తప్పు చేసే అవకాశం ఎంతో లెక్కకడుతుంది. తక్కువైతే పచ్చ, కాస్త పెరిగితే పసుపు, హద్దు దాటితే ఎరుపు. ఎరుపు వచ్చినవాడికి బటన్లు బిగుసుకుపోతాయి. బ్యాండ్ విప్పేస్తే అసలు పలకనే పలకవు. వినడానికి ఎంత బాగుందో! పెళ్ళాం విషవాయువులో ఉన్నవాడి నాడి నెమ్మదిగా కొట్టుకోదన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇందుమతి తన చెయ్యి పెట్టింది. ఎరుపే. పక్క సీటు ఆపరేటర్ పెట్టాడు. అతనికీ అంతే.

“ఈ లాక్ తీసే దారేదో ఉంటాది కదా!”

“పెట్టలేదు పైడిరాజూ. పెడితే కంగారుపడ్డవాడు ముందు దాన్నే వాడతాడని...”

ట్యాంకు దగ్గరి చేతి వాల్వు తిప్పుదామంటే, అక్కడ తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడటం లేదు. పైడిరాజు తలుపు దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. కాలు ఒక్కచోట నిలవలేదు.

అప్పుడే చైర్మన్ భూషణరావుగారు చేతిలో కత్తెరతో లోపలికి వచ్చారు. ‘నిదానం’ ప్రారంభోత్సవం ఆ రోజే. గౌరవార్థం ఆయన మణికట్టుకీ గేటు దగ్గరే ఒక బ్యాండ్ కట్టారు. అది పచ్చగా వెలుగుతోంది. ఆయన ఫ్యాక్టరీకి వచ్చేది కొబ్బరికాయ కొట్టడానికే. అమోనియా అంటే ఏమిటో తెలియదు.

“సైరన్ ఏర్పాటు బాగుందమ్మా! ఈ ఎర్ర లైట్లు కూడా,” అన్నారాయన.

ఇందుమతి, పైడిరాజు మొహమొహాలు చూసుకున్నారు. నిజం చెబితే ఉన్న ఒక్క పచ్చా పోతుంది.

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. “అయ్యగారూ, తమ చేతులమీదుగా ఈ బటన్ నొక్కండి. మెషీన్ ప్రారంభమైపోద్ది.”

“ఇప్పుడేనా? ముహూర్తానికి ఇంకా టైముందయ్యా. ఫొటోగ్రాఫర్ కూడా రాలేదు.” ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

పైడిరాజుకి ఆయన కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. బదులుగా నవ్వాడు. జన్మలో ఏ పనికీ అంత కష్టపడలేదు. “ముహూర్తం ముందుకి జరిపారండి. పంతులుగారు ఇప్పుడే కబురెట్టారు. తరవాత వర్జ్యమట.”

“వర్జ్యమా?” బ్యాండ్ పసుపులోకి మారింది.

“కంగారేం నేదండి. వర్జ్యం వచ్చేలోగా నొక్కేస్తే సరిపోద్ది. నిదానంగానే కానివ్వండి.”

మళ్ళీ పచ్చ వెలిగింది. చైర్మన్‌గారు లేచి, కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని, తీరిగ్గా నొక్కారు. పైపు మూసుకుంది.

ఆడవాళ్ళు దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ బయటపడ్డారు. నూకరత్నం కనబడగానే పైడిరాజు నేలమీద చతికిలబడి భోరున ఏడ్చాడు. సంగతి తెలిశాక చైర్మన్‌గారు స్పృహ తప్పారు.

ఆ రోజుకి ‘నిదానం’ ఇచ్చిన రిపోర్టులో మానవ తప్పిదాలు సున్నా. కంపెనీ బోర్డు మురిసిపోయింది. తెలిసినవాళ్ళందరికీ ఎరుపొచ్చింది, తెలియనాయనకి పచ్చ వచ్చింది కాబట్టి, ఇకమీదట బటన్ దగ్గర ఏమీ తెలియనివాణ్ణే కూర్చోబెట్టాలని తీర్మానించారు. ఇందుమతి వద్దని మొత్తుకుంది. ఆ సమయంలో ఆవిడ బ్యాండ్ ఎర్రగా ఉండటంతో ఆ మాట లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడా కుర్చీలో చైర్మన్‌గారి బావమరిది కూర్చుంటున్నాడు. అతని వెనక నిలబడటం పైడిరాజు ఉద్యోగం.

మొన్న మళ్ళీ సైరన్ మోగింది.

“ఏంటయ్యా ఆ మోత?” అన్నాడు బావమరిది.

షెడ్డులో నూకరత్నం డ్యూటీలో ఉంది. పైడిరాజు తన ఎర్ర బ్యాండ్‌ని చొక్కా చేతి కింద దాచుకుని, పళ్ళు బిగించి నవ్వాడు.

“ఏం నేదు బాబూ. ఆ బటనొకసారి నొక్కి సూడండి, ఎంత మెత్తగుందో!”